దాచిపెట్టిన గొంతు

ఆదివారం ఫోన్ వచ్చే వేళకు ఆ ఇంట్లో కుళాయి కట్టేస్తారు, వీధివైపు కిటికీ మూసేస్తారు. కోడలు ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వారంలో ఆ ఒక్కరోజే ఆమెకు సెలవు. ఆడపడుచు మందుల షాపులో పనిచేస్తుంది, అందుకని ఇంట్లోవాళ్ళు ఆమెను డాక్టరమ్మ అని ఆటపట్టిస్తారు. ఇద్దరూ అత్తగారి మంచానికి చెరోవైపు కూర్చుని ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తారు. ఎవరైనా తొంగిచూస్తే, పరాయి దేశంలో ఉన్న సైనికుడి కోసం ఎంత ఆరాటపడుతున్నారో, ఎంత ముచ్చటైన కుటుంబమో అనుకుంటారు. ముచ్చటైన కుటుంబమే, కాదనను. ఆ ముచ్చట ఒక మనిషిని ఏం చేసిందో చెప్పడానికే ఈ కథ.

ఆ ఇంటి కొడుకును సముద్రం అవతల, భాష తెలియని దేశంలో, ఒక వంతెన మీద కాపలాకు వేశారు. పంపేముందు అధికారి కుటుంబాలన్నిటినీ పిలిచి హితవు చెప్పాడు. ఇంటి కష్టాలు ఫోన్‌లో చెప్పవద్దనీ, తుపాకీ పట్టుకున్నవాడి మనసు చెదిరితే ప్రాణానికే ముప్పనీ అన్నాడు. వీళ్ళు ఆ మాటను అక్షరాలా పాటించారు. ఇల్లు కారినా, కోడలి చెయ్యి ఇస్త్రీపెట్టెకు కాలినా, ఫోన్‌లో మాత్రం అంతా బాగుందనేవారు. అతనూ అదే అనేవాడు. రెండువైపులా నమ్మకం కుదిరినట్టే ఉండేది.

ఇంతలో అత్తగారికి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు పెదవి విరిచారు. ఆవిడ మాత్రం మొండిఘటం.

"ఒసే డాక్టరమ్మా, మాట పడిపోయేలోపు నా గొంతు నీ ఫోన్‌లో పట్టిపెట్టు. వాడికి నా గొంతు వినపడితే చాలు," అంది.

"అన్నయ్య ఒకటడిగి, నీ గొంతు ఇంకోటి చెప్తే?"

"వాడెప్పుడైనా కొత్తవి అడిగాడా? తిన్నావా, పడుకున్నావా, మోకాళ్ళెలా ఉన్నాయి. అంతేగా."

నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. "తిన్నా నాన్నా, నువ్వు తిన్నావా?" "నాకేం, గుండ్రాయిలా ఉన్నా." "నువ్వు ధైర్యంగా ఉంటే మేమూ ధైర్యంగా ఉంటాం." ఇలాంటివి కొన్ని చెప్పింది. చివరిది తనకే బాగా నచ్చి, ఇంకోసారి గట్టిగా చెప్పి మళ్ళీ రికార్డు చేయించుకుంది. తాను పోయినా వాడు తిరిగి వచ్చేదాకా చెప్పవద్దని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుంది.

ఆవిడ పోయింది. కొడుకు లేకుండానే సాగనంపారు.

తరువాతి ఆదివారం మళ్ళీ ఫోన్ వచ్చింది. కాపలా స్థలం నుంచి మొహాలు కనపడే ఫోన్‌కు అనుమతి లేదు. పైగా మాట అటు చేరి ఇటు రావడానికి కాస్త ఆలస్యమయ్యేది. ఆడపడుచు తన ఫోన్‌లో తగిన మాట వెతికి మీట నొక్కడానికి పట్టే సమయం ఆ ఆలస్యంలో కలిసిపోయేది. మొదటిసారి చచ్చిపోయిన మనిషి గొంతు గదిలో పలికినప్పుడు కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పోయింది. తరువాత తరువాత అలవాటుపడింది.

ఒక ఆదివారం అతని గొంతు వేరేగా ఉంది.

"అమ్మకివ్వు. నువ్వు కాస్త బయటికెళ్ళు," అన్నాడు భార్యతో.

ఆమె సరే అంది కానీ కదలలేదు.

"అమ్మా, నాకు భయమేస్తోంది. మొన్న నా పక్కన నిలబడ్డవాడు పోయాడు. వాడు నా చేతుల్లోనే పోయాడమ్మా. చేతిలో తుపాకీ నిలవడం లేదు. సెలవడిగితే ఇస్తామంటున్నారు. పిరికివాడంటారని ఆగా. నువ్వు వచ్చెయ్యమను, వచ్చేస్తా."

వచ్చెయ్యమనడానికి కోడలు నోరు తెరిచింది. మాట్లాడితే గుట్టు రట్టవుతుంది. ఆడపడుచు కళ్ళనీళ్ళతో వద్దని తల ఊపింది.

"అమ్మా, ఉన్నావా?"

ఏదో ఒకటి నొక్కాలి. ఆడపడుచు నొక్కింది.

"నువ్వు ధైర్యంగా ఉంటే మేమూ ధైర్యంగా ఉంటాం."

అటునుంచి మాట వచ్చింది. "సరేనమ్మా."

అతను సెలవు అడగలేదు. మళ్ళీ ఎన్నడూ భయం మాట ఎత్తలేదు. గండం గడిచిందని ఇంట్లో ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎంత అమాయకులో చూడండి.

గడువు తీరి వచ్చాడు. కాళ్ళూ చేతులూ ఉన్నాయి. వీధిలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. లోపలికి వచ్చి ఖాళీ మంచం చూశాడు. చెల్లెలు దాచకుండా అంతా చెప్పింది. అతను ఏడవలేదు, అమ్మ పోయింది ఏ నెలలో అని మాత్రం అడిగాడు.

"అయితే ఆరోజు నేను చెప్పింది..."

"మాకే వినపడిందన్నయ్యా."

"నేనక్కడే ఉన్నానండీ. వచ్చెయ్యమందామని నోరు తెరిచాను," అంది భార్య.

"తెరిచి?"

ఆమె ఆడపడుచు వంక చూసింది.

"అమ్మే ఉండమందనుకున్నా. అందుకే ఉన్నా. ఆ తర్వాత ఆ వంతెన మీద నేనేం చేశానో ఎవరికీ చెప్పను."

"ఇప్పుడు చెప్పండి, వింటాను."

"ఇప్పుడెందుకు?"

అన్న మాట నిలబెట్టుకున్నాడు. చెల్లెలు షాపు నుంచి నిద్రమాత్రలు తెస్తుంది, అతను మింగుతాడు, అయినా నిద్రపోడు. భార్య పనికి వెళ్ళి వస్తుంది. ఆమె వంక చూసినప్పుడల్లా అతని చూపు వెంటనే పక్కకు తిరిగిపోతుంది. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది. చెబుతాడన్న ఆశ ఆమెకే లేదు.

అయ్యా, అమ్మా, ఈ ఇంట్లో దుర్మార్గులు లేరు. హితవు చెప్పిన అధికారి, ఒట్టు వేయించుకున్న తల్లి, మీట నొక్కిన చెల్లెలు, అందరూ అతని మేలే కోరారు. మనమూ అంతే. సైనికుడికి ధైర్యవచనాలు పంపమంటే ముందుంటాం, అతని వణుకు వినమంటే తలుపు వేసుకుంటాం. మీ ఇంటి మనిషి అలా దూరాన ఉంటే, ఇల్లు కారుతోందని చెప్పండి, జబ్బు చేసిందని చెప్పండి, ఏడుపొస్తే ఏడవండి. ఇంటివాళ్ళు తమ కష్టం దాచుకుంటే, యుద్ధంలో ఉన్నవాడికి తన కష్టం చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.