అందరికీ కనపడే వంపు

డీకన్ ఎనెలికోకి రిమోట్ పట్టుకోవడం కూడా రాదని నిండు సభలో అన్నాను. మా దీవులు వదిలి వచ్చి స్థిరపడ్డ సమోవా వాళ్ళం కట్టుకున్న ఈ లోగన్ చర్చిలో నా పాటకి ఎంత పేరో నా నోటికీ అంత పేరు. "లోసివాలె నోరు విప్పిందంటే పాటైనా అవ్వాలి, తగువైనా అవ్వాలి" అంటుంది మా పాస్టరమ్మ. ఆ రోజు తగువే అయింది.

చర్చికి ఒక కంప్యూటరు కావాలి. మంచం దిగలేని వాళ్ళకి ఆరాధన ఇంటికే పంపడానికి, మెట్లెక్కలేని వాళ్ళు కూర్చునే పక్కగదిలో పాటల మాటలు తెరమీద చూపడానికి. దాని కోసం ఆడవాళ్ళందరం కలిసి శనివారం సంతలో పనికేకేలు, అంటే మా తీపి పిండి బూరెలు, వేయించి అమ్మాం. నూనె చిట్లిన మచ్చ నా చేతిమీద ఇంకా ఉంది. ఎనెలికోయేమో దుకాణంలో తయారుగా దొరికేది తెచ్చేద్దాం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా తమ్ముడి కొడుకు పెసమినో ఉండగా దుకాణం దేనికి? వాడు మా గ్యారేజీలోనే ఉంటాడు, గిడ్డంగిలో ఉద్యోగం, మిగతా వేళంతా కంప్యూటర్ల గొడవే.

"భాగాలు కొని వాడే బిగిస్తాడు. పూచీ నాది," అన్నాను. రిమోట్ మాట అన్నది కూడా అప్పుడే.

ఎనెలికో ముసలాయన, కోపం తెచ్చుకోలేదు. "సరే లోసీ, నీ మాట మీదే వదిలేస్తున్నాం," అన్నాడు.

పెసా అంతవరకు పాత లాప్‌టాప్ తప్ప ఎరగడు. మొదటిసారి తన చేత్తో ఒక యంత్రం కట్టబోతున్నానని వాడి కాళ్ళు నేలమీద ఆగలేదు. గ్యారేజీలో పరుపు పక్కన డబ్బాలు పేర్చుకున్నాడు. నేను టీ పట్టుకెళ్ళి పీట వేసుకుని కూర్చునేదాన్ని, ఏదో నాకూ తెలిసినట్టు.

"ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు దేనికిరా? ఇటుకలా ఉంది."

"బొమ్మ, పాట రెండూ ఒకేసారి బయటికెళ్ళాలి కదత్తా. చిన్నదైతే పాస్టరుగారు ఆశీర్వాదమిస్తూ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోతారు."

పడీ పడీ నవ్వాను. "మరి ఈ ఫ్యాన్లకి రంగు దీపాలేమిటి? క్రిస్మస్సా?"

"దీపాల్లేనివి ఇప్పుడెవరు చేస్తున్నారత్తా!"

మానిటర్ ఎంచడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. దుకాణంలో గోడ నిండా మామూలు తెరలు. వీడు వాటిని దాటుకుంటూ పోయి ఒకదాని ముందు ఆగిపోయాడు. పొడుగాటిది, రెండు చివర్లూ ముందుకి వంగి ఉన్నాయి. కుర్చీ లాక్కుని సరిగ్గా దాని నడుమ కూర్చున్నాడు, ఇక లేవడే.

"వంకరగా ఉందేమిట్రా?"

"ఆ వంపు ఎందుకంటే అత్తా..." ఒక్క క్షణం ఆగాడు. "అందరికీ కనపడాలని."

వాడు తడబడటం నేను గమనించాను. తెలియనట్టు ఊరుకున్నాను. తరవాతి సభలో అదే మాట గొంతెత్తి చెప్పాను కూడా. "మామూలు తెర కాదిది, వంపు తెర. అందరికీ కనపడాలని!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఎనెలికో వైపు చూసి మరీ కూర్చున్నాను.

మొదటి ఆదివారం పక్కగదిలో ఆ యంత్రం ఎర్రగా, నీలంగా, పచ్చగా వెలుగుతుంటే పిల్లలు దాన్ని వదల్లేదు. నడుమ కూర్చున్నవాళ్ళు ఆహా అన్నారు. తాలిగి అవ్వ చక్రాల కుర్చీ ఎప్పటిలాగే గుమ్మం పక్కన, ఎడమ చివర్న ఉంది. కూటానికి కట్టే తెల్లబట్టల్లో, తెల్ల టోపీతో ముచ్చటగా ఉంది.

"కనపడుతోందా అవ్వా?" అన్నాను.

"ఆఁ, ఆఁ," అంది తల వంచుకుని. నేను మళ్ళీ అడగలేదు.

చర్చిలో ఉంచితే దొంగలు పడతారని చెప్పి పెసా ఆ యంత్రాన్నీ తెరనీ ప్రతివారం ఇంటికి తెచ్చేవాడు. ఎంత బాధ్యతో నా మేనల్లుడికి అని అందరికీ చెప్పుకున్నాను.

ఒకరోజు కోళ్ళ ఫ్యాక్టరీలో పని తొందరగా అయిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. గ్యారేజీ తలుపు తీసే ఉంది. పెసా చెవులకి హెడ్‌ఫోన్లు, తెరమీద తుపాకులు, ఎవరో స్నేహితుడితో మాటలు.

"ఆదివారం ఒక్క పూటేరా వాళ్ళకి. మిగతా వారమంతా మనదే. మా అత్తా? ఆవిడకేం తెలుసు! వంపు అందరి కోసం అని చెవిలో పువ్వు పెడితే, చర్చంతా టముకేసి వచ్చింది."

తలుపు దగ్గర నిలబడి చూశాను. అక్కణ్ణుంచి తెరమీద ఏమీ తెలియలేదు. రంగులు వెలిసిపోయి, ఇవతలి అంచు వంపులో దాక్కుని ఉంది. వాడి వెనక్కి వెళ్ళి నిలబడితే మాత్రం ప్రపంచమంతా ఉంది. నిలువునా నీరైపోయాను.

హెడ్‌ఫోన్లు లాగి పడేశాను. "ఒరేయ్, ఆ పనికేకేలు ఎవరు వేయించారనుకున్నావురా? ఈ చెయ్యి చూడు!"

వాడి మొహంలో నెత్తురు లేదు. "తప్పయిపోయిందత్తా. ఆ తెర మార్చేస్తాను. ఎవరికీ చెప్పకు, నీకు దణ్ణం పెడతాను."

చెప్పలేదు. వాడి మీద జాలితో కాదు. చెబితే ఎనెలికో ముందు తల దించుకోవాలి, అది నావల్ల కాలేదు. ఎవరూ అడగకుండా తెర మారిపోతే చాలనుకున్నాను. ఎంత నీచపు ఆలోచనో అప్పుడు తట్టలేదు.

తెర మారకముందే ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక అందరం భోజనానికి పక్కగదిలో చేరాం. పాస్టరుగారు ఎప్పటిలాగే, ఎవరికోసమైనా ప్రార్థించాలా అని అడిగారు. గుమ్మం పక్కనుంచి తాలిగి అవ్వ చెయ్యెత్తింది.

"నా కళ్ళ కోసం అడగండయ్యా," అంది. "కొత్త తెర బాగుంది బాగుంది అని అందరూ అంటున్నారు. నాకే కనపడటం లేదు. వరసలో మొదటి మాటలు అసలు ఉండవు, మిగతావన్నీ బూడిద. మా అక్కకీ షుగరుతో ఇలాగే మొదలై చూపంతా పోయింది. ఇంట్లో చెప్పలేదు. మనవరాలికి అల్లుతున్న చాప సగంలో చుట్టి మూలన పెట్టేశాను, తప్పల్లి పాడు చేస్తానేమోనని."

 ఒక్కొక్కరే లేచి వెళ్ళి ఆమె తలమీద చేతులుంచారు. ఎనెలికో ఏడుస్తూనే ఉంచాడు. నేనూ వెళ్ళాను, వెళ్ళక ఏం చేస్తాను? ఆ నెరిసిన తల నా చేతికింద సన్నగా వణుకుతోంది. ఈ చెయ్యి పడిపోతే బాగుండు దేవుడా అనుకున్నాను. పెసా యంత్రం వెనకాల తల పూర్తిగా దించేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. చర్చి గోడలు దాటి వినపడే నా గొంతు అందులో కలవలేదు.

"నీ కళ్ళకేం కాలేదవ్వా," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు.  కుర్చీ పిడులు పట్టుకుని తోశాను. బల్లలు తప్పించుకుంటూ తీసుకెళ్ళి తెరకి సరిగ్గా నడుమ ఆపాను.

అవ్వ కళ్ళు చికిలించింది. తెరమీద ఉన్న ప్రకటన కూడబలుక్కుని చదివింది. "వచ్చే ఆదివారం... భోజనానికి చేమదుంపలు... ఎనెలికో కుటుంబం." గొంతు పెరిగింది. "ఓయ్ ఎనెలికో, మీ ఇంట్లో దుంపలు ఎప్పుడుడికాయయ్యా!"

గదంతా ఒక్కసారి నవ్వింది. అవ్వ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "కనపడుతున్నాయే! నా కళ్ళు ఉన్నాయే!" చక్రాలు తనే తిప్పుకుని పక్కకి వెళ్ళి చూసింది, మళ్ళీ నడుమకి వచ్చి చూసింది. అప్పుడు పెసా వైపు తిరిగింది. కోపం లేదు, నిజంగానే తెలియక అడిగింది.

"మరి ఆ వంపు ఎందుకురా నాయనా? అందరికీ కనపడాలని మీ అత్త చెప్పిందే?"

నవ్వులు ఆగిపోయాయి. పెసా నాకేసి చూశాడు. వాడి తరఫున ఎప్పుడూ నేనే కదా మాట్లాడేది. ఈసారి మాట్లాడలేదు.

వాడు యంత్రం వెనకనుంచి ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. "ఒక్కడు కూర్చుని చూడటానికవ్వా," అన్నాడు. "నాకోసం కొన్నాను. అత్తకి తెలియదు."

"తెలుసు," అన్నాను.

ఎనెలికో ఒక్క మాట అంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆయన నెమ్మదిగా నా పక్కకొచ్చి కుర్చీకి బ్రేకు వేశాడు. "చెయ్యి వదులు లోసీ, నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి భోంచెయ్యమ్మా," అన్నాడు.

వదల్లేకపోయాను. తెల్ల టోపీ వెనకే వంగి నిలబడ్డాను. తల ఎత్తితే అందరికీ నా మొహం కనపడుతుంది.