ఖాళీగా వదిలిన గడి

ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ భర్త అటు తిరిగి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆమెకు తెలియలేదు. భుజాలు కదిలిన తీరు చూసి, విసుగేనని పోల్చుకుని, "సరేనండీ" అంది. రెండో కాన్పు తర్వాత జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఈ ఆరేళ్ళూ సంసారాన్ని కళ్ళతోనే నెట్టుకొచ్చింది. పిల్లల నోళ్ళు, పొయ్యి మీద ఊగే మూత, అత్తగారి కనుబొమలు, అన్నీ కనిపెట్టుకుని ఉండాలి. అందరూ నవ్వితే నవ్వేది, లేస్తే లేచేది. పొద్దుగూకేసరికి కళ్ళు పులిసిపోయేవి. దాన్నెవరూ పని కింద జమకట్టలేదు. "పిలిస్తే పలకదు, అంత పొగరు" అని అత్తగారు చుట్టాలతో అన్న మాట మాత్రం పెదవుల మీద తేటగా చదువుకుంది.

కొయ్యసామాను కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరి పన్నెండు రోజులైంది. దరఖాస్తులో 'వైకల్యం ఏదైనా ఉంటే' అన్న గడి దగ్గర ఆమె కలం ఆగినప్పుడు, భర్త ఆ ఒక్కసారీ ఎదురుగా నిలబడి ఒత్తి ఒత్తి చెప్పాడు. "వదిలెయ్. రాశావంటే గుమ్మం తొక్కనివ్వరు. దొరికిపోతే మాత్రం నా పేరెత్తకు." గడి ఖాళీగానే వెళ్ళింది. ఉలి పట్టిన చేతివాటం చూసి తీసుకున్నారు.

అప్పట్నుంచీ భయమే. పెద్ద రంపం తిప్పే ముందు గంట కొడతారు. గంట మోగగానే అందరూ పసుపు గీత ఇవతలికి రావాలి. ఆమె మాత్రం పక్కవాళ్ళ పాదాలు చూసుకునేది. అవి కదిలితే తనూ కదిలేది. ఏ పని చేస్తున్నా ఒక కన్ను నేలమీదే.

ఆ రోజు రంపం బల్ల మీదికి వంగి, పళ్ళ సందుల్లో పొట్టు బ్రష్షుతో దులుపుతోంది. అవతల మీట నొక్కే మనిషికి చెక్కల దొంతర అడ్డం. ఉన్నట్టుండి ఎవరో జబ్బ పట్టుకుని ఈడ్చారు. వెల్లకిలా పడింది. ఇందాక చెయ్యి ఉన్నచోట రంపం తిరుగుతోంది. బ్రష్షు తునకలై గాల్లోకి లేచింది.

ఈడ్చింది మేస్త్రీ. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గంట వినబళ్ళేదా తల్లీ?"

ఏదో ఆలోచనలో ఉన్నానండీ, అంటే సరిపోతుంది. ఆడమనిషి, ఇంటి ధ్యాస అనుకుని వదిలేస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు మళ్ళీ ఇక్కడే వంగాలి. రేపు ఈయన చెయ్యి పక్కన ఉండకపోవచ్చు.

"నాకసలు వినబడదండీ. పెదవులు చూసి తెలుసుకుంటాను."

ఆఫీసు గదిలో యజమానురాలు దరఖాస్తు తెప్పించి చూసింది. "ఇది రాసి ఉంటే నిన్ను తీసుకునేదాన్ని కాదు."

"అందుకే రాయలేదండీ."

మేస్త్రీ యజమానురాలి వైపు తిరిగి ఏదో అన్నాడు. "ఇటు తిరిగి చెప్పండి" అంది ఆమె. ఆరేళ్ళలో ఇంట్లో ఒక్కసారైనా అనని మాట.

ఆయన తిరిగాడు. "రెండు యంత్రాలు కలిసి నడిచేటప్పుడు మాకు మాత్రం ఆ గంట ఎక్కడ వినబడుతుందమ్మా? గంటతోబాటు ఎర్రదీపం ఒకటి వెలిగితే అందరికీ మంచిదే అంటున్నా."

"చూద్దాం" అంది యజమానురాలు. "అందాకా నువ్వు ఇంటి దగ్గరే ఉండమ్మా. ఫోన్లో కబురు పెడతాను."

ఫోను భర్తది. కబురొచ్చిందని తనకెవరు చెబుతారు?

"ఇంటికి వెళ్ళనండీ." కిటికీ అవతల పనివాళ్ళు తలలెత్తి చూశారు. గట్టిగానే అని ఉంటుంది. "దీపం పెట్టేదాకా పెద్ద రంపం దగ్గరికి రాను. చేతి రంపం బల్ల ఖాళీగా ఉంది. నేర్చుకుందామని వచ్చాను, అక్కడ నేర్పించండి."

జవాబు కోసం పెదవుల వంక చూడకుండా బయటికి నడిచి, ఆ బల్ల ముందు నిలబడింది. కాసేపటికి మేస్త్రీ ఒక చెక్క తెచ్చి ముందు పెట్టాడు.

దీపం రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ ఆమె, ఎప్పుడు పొమ్మంటారోనని భయపడుతూనే పనికి వచ్చింది.