రాతిమీది మొక్కకు గిన్నెలుండవు

బావ పంపిన పొట్లం విప్పగానే నాకు ఒళ్ళు మండింది.

మా లోయలో వాగు పక్క రాళ్ళకు అతుక్కుని, పచ్చటి నాలుకల్లా పెరిగే లివర్‌వర్ట్ అనే నాచులాంటి మొక్క ఒకటుంది. అరుదైన జాతి. అది బతికే ఉందని ఏటా వృక్షశాస్త్రవేత్తగా నేను సంతకం పెడితేనే క్వారీవాళ్ళు లోయ జోలికి రారు. లోయ కాపలాదారు మా బావే, నమూనా కోసి పంపేదీ ఆయనే.

లెన్సు కింద పెట్టి చూస్తే ఆకు మీద చంద్రవంకల్లాంటి బుల్లి గిన్నెలు! రాతిమీది జాతికి గిన్నెలే ఉండవు. ఇది నర్సరీ కుండీల్లో కలుపుగా మొలిచే రకం. లోయలో దొరికింది ఇదేనని రాశానో, మర్నాడే అక్కడ పేలుడు మందు దిగుతుంది. ఇన్నేళ్ళు కాపలా కాసిన మనిషికి ఆమాత్రం తెలియదా? కంచే చేను మేసిందా?

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను.

"ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చావు?" అంటూ అక్క కిటికీకి అడ్డంగా జరిగింది. వెనకాల పూలకుండీ. మట్టి మీది పచ్చటి పొరలో చాకుతో కోసిన ఖాళీ.

"క్వారీవాళ్ళతో ఎప్పటినుంచి చుట్టరికం, బావా?"

బావ ముఖం కందిపోయింది. "అంత మాటనకు. వానల్లేక వాగెండిపోయింది. రాయి మీద నల్లటి పోగులే మిగిలాయి. చచ్చిపోయిందని నీకెలా చెప్పను? ఇదీ లివర్‌వర్టే కదా, పైపైన చూసి సంతకం పెట్టేస్తావనుకున్నా."

నేను పైపైన చూస్తానట! "ఆ పోగులేవీ?"

పారేయడానికి మనసు రాలేదంటూ జేబులోంచి రుమాలు తీశాడు. సాసర్లో వేసి నీళ్ళు పోశాను. అక్క ఇచ్చిన టీ తాగేలోగా పోగులు మెల్లగా విచ్చుకున్నాయి, లోపలంతా పచ్చగా. ఒక్క గిన్నె లేదు.

"ఎండకు ముడుచుకుంది, అంతే. చావలేదు."

బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "అయితే సంతకం పెట్టేస్తావుగా!"

పెన్ను తీశాను. మళ్ళీ మూత పెట్టేశాను. "ఇవి ఎప్పుడు కోశారు?"

"మొన్ననే."

మొన్ననో, నిరుడో. జేబులోంచి వచ్చినదానికి సాక్ష్యమేది?

"పదండి, రాయి చూపించండి."

"నన్నిక నమ్మవా?" అన్నాడు బావ. నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది.

నమ్మాలనే ఉంది. నమ్మలేకపోయాను.