బోంగా టైము

బోధన్ బ్రాంచిలో కొత్త కంప్యూటర్లు నాలుగూ మూడు నెలలుగా మొండికేశాయి. నిజామాబాద్ హెడ్డాఫీసు నుంచి వాటికి పాలసీ వెళ్తుంది. పాలసీ అంటే పెద్దదేం కాదు, మిషన్ ఇలా నడవాలి, అలా నడవకూడదు అనే హుకుం. హెడ్డాఫీసులో అరవై మిషన్లు ఆ హుకుంకి తలొంచుతాయి. బోధన్‌వి మాత్రం పెడచెవిన పెట్టేస్తాయి.

అదో విత్తనాల కంపెనీ. దాని నెట్‌వర్కును ఇంట్లో గదుల్లా విడగొట్టారు. గదికీ గదికీ మధ్య తలుపు, తలుపుకో కాపలా. తప్పంతా తలుపుదేనని హెడ్డాఫీసులో నెట్‌వర్కు చూసే సవిత ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకుంది. తెరిచి చూసింది, మూసి చూసింది, వైర్లు మార్పించింది. ఊహూఁ. ఇవాళ పొద్దున్నే మేనేజరు ధనుంజయ్ తేల్చి చెప్పేశాడు.

"సాయంత్రం దాకనే సూస్త సవితా. గప్పటికి సక్కగ కాకపోతే బోధన్ లైన్ కట్ చేసుడే. ఆ పని ఈడికే తెచ్చుకుందాం."

పని ఇక్కడికొస్తే అక్కడి స్టోర్ కీపర్ రత్తయ్య ఇంటికి పోవాలి. అరవై దాటిన మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు? పదిన్నరకల్లా సవిత బోధన్‌లో బస్సు దిగింది.

దిగగానే చిన్ననాటి అలవాటుగా గాలి పీల్చింది. మొలాసిస్, అదే చెరకు మడ్డి, వాసన లేదు. ఎందుకుంటుంది, పిచ్చిగానీ! ఆమె బాపు ఆత్మారాం ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఫ్యాక్టరీ మూతపడ్డ రెండేళ్లకు ఆయనా పోయాడు. తల్లీకూతుళ్లు ఊరొదిలి నిజామాబాద్ చేరారు. అప్పట్నుంచి ఇటు రావడానికి ఆమెకు మనసొప్పలేదు.

"రా అమ్మాయ్, ముందు టీ తాగు. అవెక్కడికీ పోవులే," అన్నాడు రత్తయ్య. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబాల మనిషి. ఆ మాటతీరు ఇంకా పోలేదు.

టీ గ్లాసు పక్కన పెట్టి సవిత మొదటి మిషన్ చూసింది. తెర మూలన గడియారం పదకొండూ ఇరవై ఏడు. చేతిలో ఫోను పదకొండూ ఇరవై. రెండోదీ అంతే, మూడోదీ నాలుగోదీ అంతే. ఆమెకు నవ్వొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. టైములో ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే హెడ్డాఫీసు సర్వరు ఆ మిషన్‌ను నమ్మదు, హుకుం ఇవ్వదు. గడియారాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నది కూడా ఆ అందని హుకుంలోదే. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు.

"కాకా, గీ టైము ఎవరు మార్చిండ్రు?"

"నేనేనమ్మా. మిషన్లు బిగించినతను పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు. అన్నీ ఏడు నిమిషాలు వెనకున్నాయని సరిచేశాను. ఇది బోంగా టైము."

సవిత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఫ్యాక్టరీ సైరన్‌ను ఊరంతా బోంగా అనేది. సైకిళ్ల మీద గేటు చేరడానికి వీలుగా షిఫ్టుకు ఏడు నిమిషాల ముందే కూసేది. అది వినే ఇళ్లల్లో గడియారాలు పెట్టుకునేవాళ్లు. అలా బోధన్ ఎప్పుడూ లోకం కన్నా ఏడు నిమిషాలు ముందుండేది. బోంగా వినపడగానే బాపు ఆఖరి ముద్ద నిలబడే మింగి, టిఫిన్ డబ్బా అందుకుని సైకిలెక్కేవాడు. ఇన్నేళ్లలో ఆయన ఇంతగా ఎన్నడూ గుర్తు రాలేదు. ఒక్కసారి చూడాలనిపించింది, అంతే.

"నేను ఆ ఫ్యాక్టరీకి చెరకు తోలినవాణ్ణి. రేపు మళ్లీ తెరిస్తే అలవాటు తప్పకూడదు కదమ్మా," అన్నాడు రత్తయ్య.

"తెరుస్తరా కాకా?"

ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకున్నాడు.

"గిట్లనే ఉంచితే మీ నౌకరి పోతది. సరిచేస్తే ఇగ మీకు మార్చ రాదు," అంది సవిత.

ఆయన లేచి కిటికీ వైపు తిరిగాడు. "కానియ్యి అమ్మాయ్," అన్నాడు.

ఆమె టైము సరిచేసింది. ఇకమీదట హెడ్డాఫీసు టైమే వచ్చేలా తలుపులో దారి వదిలింది. అరగంటలో నాలుగు మిషన్లూ దారికొచ్చాయి. ధనుంజయ్ ఫోన్లో శభాష్ అన్నాడు. రత్తయ్య మాత్రం ఇటు తిరగలేదు.

సవిత ఇల్లు చేరేసరికి తల్లి వెంకటవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీల ఆకు కత్తిరిస్తోంది. ఎదురుగా గోడ గడియారం. ఊరొదిలి వచ్చిన కొత్తలో, నిజామాబాద్‌లో బోంగా టైమెందుకని సవితే దాని ముల్లు వెనక్కి తిప్పింది. తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. గడియారానికింత రభసా అనుకుంది అప్పుడు.

"టైమెంతయిందే?" తలెత్తకుండానే అడిగింది వెంకటవ్వ. చిన్న అంకెలు ఆమెకిప్పుడు ఆనవు.

గోడ మీద ఆరూ నలభై మూడు.

"ఏడుకు పది తక్కువ అవ్వా. బోంగా టైము."

తల్లి చేతిలో కత్తెర ఆగింది. గడియారం వైపు చూసింది, తర్వాత కూతురి వైపు.

"కుర్సీ ఏసుకోని ముల్లు ముందటికి తిప్పు బిడ్డా," అంది.