కొన్నవాళ్ళ మాటలు

సెల్‌ఫోన్లు వచ్చాక చెంగయ్య కొట్టుకు మనుషులు రావడం తగ్గిపోయింది. చిత్తూరు బజారువీధిలో ఒక బట్టల షాపు మెట్ల కింద ఉండేది ఆ వాచీ రిపేరు కొట్టు. కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి గోడకు తగిలేవి. ముప్పయ్యేళ్ళు ఆయన అందులోనే కూర్చున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని తల వంచాడంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నం వేళకే ఎత్తేవాడు. రెండువేల నాలుగు నాటికి బ్యాటరీ మార్చమని వచ్చేవాళ్ళే గానీ, కీ ఇచ్చే వాచీ పట్టుకొచ్చేవాళ్ళు కరువయ్యారు. రిపేరుకిచ్చి పదేళ్ళయినా తిరిగి రాని వాళ్ళ వాచీలు మాత్రం రెండు బిస్కెట్ డబ్బాల నిండా పడి ఉన్నాయి.

ఆయన కూతురు జాహ్నవి డిగ్రీ చదివి గాంధీరోడ్డు పక్క సందులో ఉబేద్ నడిపే నెట్ సెంటర్‌లో పని చేసేది. పరీక్ష ఫలితాలు చూసిపెట్టడం, అప్లికేషన్లు నింపడం ఆమె పని. వేలంపాట జరిగే సైటు ఒకటుందని, దాంట్లో పాత సామాన్లకు ఎక్కడెక్కడి వాళ్ళో పాట పాడి కొనుక్కుంటారని ఆమెకు చూపించింది ఉబేదే. పాత వాచీల కోసం మనుషులు పోటీలు పడడం జాహ్నవి కళ్ళారా చూసింది. ఆ సాయంత్రమే ఇంటికి పోయి డబ్బాలోంచి ఒక వాచీ తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"దీన్ని నడిపించు నాయనా. అమ్మిపెడతాను."

"ఎవురు కొంటారు పాపా దీన్ని?" అని నవ్వాడు చెంగయ్య. అయినా రెండు రోజులు కూర్చుని నడిపించాడు.

ఉబేద్ కెమెరాతో ఫోటోలు తీసి పాటకు పెట్టారు. ఏడు రోజుల పాట. ఆరు రోజులు ఎవరూ పలకలేదు. ఏడో రోజు సాయంత్రం ఇద్దరు ఎదురుబొదురుగా పాడడం మొదలుపెట్టి, ఆఖరి పది నిమిషాల్లో పాటను ఎక్కడికో తీసుకుపోయారు. సెంటర్‌లో ఉన్న పిల్లలంతా జాహ్నవి కుర్చీ వెనక చేరి కేకలు పెట్టారు. వాచీ బల్గేరియాకు పోయింది.

మూడు వారాలకు కొన్న మనిషి సైటులో రెండు వాక్యాలు రాశాడు. జాహ్నవి వాటిని కాగితం మీద తెలుగులో రాసుకుని ఇంటికి తెచ్చింది. చెంగయ్య అన్నం ముందు కూర్చున్నాడు.

"మా తాతకు ఇట్లాంటి వాచీ ఉండేదంట నాయనా. ఇది కొత్తదాని మాదిరి నడస్తా ఉండాదంట. దీన్ని బాగుచేసిన చేతులకు దండం పెడతా ఉండానని రాసినాడు."

చెంగయ్య ముద్ద కలపడం ఆపాడు. ముప్పయ్యేళ్ళలో ఆయన్ను అడిగినవాళ్ళు 'అయ్యిందా, ఎంత' అనే అడిగారు. పని బాగుందని నోరు తెరిచి చెప్పినవాళ్ళు లేరు.

"మళ్లా సదువు," అన్నాడు.

రెండేళ్ళలో అది ఇంటిల్లిపాదికీ పనైపోయింది. డబ్బాలు ఖాళీ అయ్యాక ఆదివారాలు తండ్రీకూతుళ్ళు బస్సెక్కి పుత్తూరు, వడమాలపేట, ఒక్కోసారి రైల్లో గూడూరు దాకా పోయి, పాతసామాన్ల కొట్లలో వాచీలు ఏరుకొచ్చేవాళ్ళు. తల్లి వసంతమ్మ పట్టుగుడ్డ పీలికలతో చిన్న చిన్న సంచులు కుట్టేది. పోస్టాఫీసులో గంగాధరమనే గుమస్తా జాహ్నవి గుమ్మం ఎక్కకముందే "ఈ పొద్దు ఏ దేశానికమ్మా?" అని అడిగేవాడు. చెంగయ్య మెట్ల కింది కొట్టు వదిలేసి ఇంట్లోనే కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. కొన్నవాళ్ళు రాసిన మాటలు నూరు దాటాయి. ఒక్కటి కూడా చెడ్డమాట లేదు. శనివారం సాయంత్రం వాటిని చదివి వినిపించడం ఆ ఇంట్లో ఆనవాయితీ అయింది. చదువుతున్నంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏమీ పట్టనట్టు కూర్చునేవాడు. అయితే ఏ దేశపువాడు ఏమన్నాడో వారం తర్వాత అడిగినా చెప్పేవాడు.

రెండువేల ఆరు ఎండాకాలంలో మొదటి చెడ్డమాట వచ్చింది. వాచీ రెండు గంటలు నడిచి ఆగిపోయిందని. పోస్టులో ఎత్తి పడేసి ఉంటారనుకుంది జాహ్నవి. డబ్బు వాపసు పంపేసింది. ఆ శనివారం ఆ చెడ్డమాట ఒక్కటీ దాచితే ఏమవుతుందిలే అని, దాని బదులు ఎప్పటిదో పాతది కాస్త మార్చి చదివింది. చెంగయ్య తల ఊపాడు.

మరుసటి నెలలో ఇంకో రెండు వచ్చాయి. లోపల ఒక మర లేదనీ, ఇంకో మర ముల్లు కింద దొర్లుతోందనీ ఒకరు రాశారు. ఆ రోజు జాహ్నవి ఇంటికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి తండ్రిని చూసింది. ఆయన ముఖం బల్లకు తగిలేంతగా వంగి ఉన్నాడు. మర కింద పడితే కళ్ళతో వెతకలేదు, నేల మీద కూర్చుని అరచేత్తో తడుముతున్నాడు.

"కరెంటు సరిగ్గా లేదు పాపా," అన్నాడు, అలికిడి విని.

బల్బు వెలుగుతూనే ఉంది.

బతిమాలి, కోప్పడి, ఆఖరికి తల్లి చేత ఒట్టు పెట్టించి ఆయన్ను తిరుపతిలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు చాలాసేపు చూశాడు. చక్కెర జబ్బు కంటి వెనక నరాలను తినేసిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలబెట్టుకుంటే అదే గొప్పనీ చెప్పాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక జాహ్నవి మెల్లగా అంది.

"ఇంక సాలు నాయనా. కొన్నాళ్ళు పని పక్కన పెట్టు."

"ఏంటికి?"

"కంటికి శ్రమ గదా."

చెంగయ్య ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "సూపు తగ్గిందని నాకు రెండేండ్ల నాడే తెలుసు పాపా. మీకు సెప్పలే. ఆ పని నా సేతి ఏళ్ళకు అలవాటై పోయింది, కండ్లతో పనిల్యా. పని సెడిపోయుంటే కొన్నోళ్ళు ఊరుకుంటారా? నువ్వే గదా వారం వారం సదివేది."

నిజం చెప్పాల్సింది అప్పుడే. జాహ్నవి నోరు కూడా తెరిచింది. కంటిలో మందు వేయడం వల్ల ఆయన రెండు చెంపల మీదా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోకుండా ఆమె వైపు ముఖం పెట్టి నవ్వుతున్నాడు. "పోదాం పద నాయనా, బస్సు పోతాది," అంది ఆమె.

ఆ తర్వాత ఆమె తండ్రికి తెలియకుండా ఒక దారి వెతికింది. తిరుపతిలో రామచంద్ర అనే రిపేరు చేసే ఆయన దగ్గరికి, తండ్రి ముగించిన వాచీలు తీసుకుపోయి మళ్ళీ విప్పించి సరిచేయించేది. నాలుగు చేశాక అయిదోది విప్పి ఆయన భూతద్దం తీసేశాడు.

"ఎవురమ్మా దీన్ని ముట్టుకునింది? సూడు, లోపలి పలకంతా గీతలు. హెయిర్‌స్ప్రింగు నలిగిపోయుండాది. సామాను దొరికేది కాదు, నేనేం జేసేది? తాగి జేసినాడా?"

"మా నాయన," అంది జాహ్నవి.

రామచంద్ర తల దించుకున్నాడు. డబ్బు తీసుకోలేదు. ఇంక తేవద్దన్నాడు.

దసరాకు ముందు సైటువాళ్ళు ఆమె ఖాతా మూసేశారు. ఫిర్యాదులు మితిమీరాయనీ, ఇకపై ఆమె అక్కడ ఏదీ అమ్మకూడదనీ నాలుగు వరుసల్లో తేల్చేశారు. నూరుకు పైగా ఉన్న మంచిమాటలు కూడా దాంతోపాటే పోయాయి. ఆమె పేరు కొట్టి చూస్తే ఖాళీ పేజీ వచ్చింది.

"నా పేరు మీద తెరుద్దాంలే జాహ్నవీ," అన్నాడు ఉబేద్.

"పేరు మారిస్తే వాచీలు మారతాయా అన్నా?"

 ఉబేద్ సెంటర్‌లో పాత మానిటర్లు పెట్టే బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చాడు. అప్పటి నుంచీ చెంగయ్య రిపేరు చేసిన ప్రతి వాచీనీ జాహ్నవి పట్టుసంచిలో పెట్టి, అట్టపెట్టెలో సర్ది, తండ్రి ముందే చిరునామా రాసి, తెచ్చి ఆ అరలో పెట్టేది. శనివారాలు కూర్చుని మాటలు కల్పించేది. పోలండు, చిలీ, జపాను. కొన్నాళ్ళకు ఆమె దగ్గర మాటలు అయిపోయాయి. ఒక శనివారం చెంగయ్య విని అన్నాడు.

"ఈ మధ్య అందరూ ఒగే తీరు రాస్తా ఉండారే."

"మంచి పనిని ఎన్ని తీర్లుగా సెప్తారు నాయనా," అంది. 

డిసెంబరులో పోస్ట్‌మ్యాన్ వెంకటముని ఒక పార్సెలు తెచ్చాడు. అంతకు ముందు తిరిగొచ్చినవన్నీ జాహ్నవి పోస్టాఫీసులోనే తీసేసుకునేది. ఆ రోజు ఆమె సెంటర్‌లో ఉంది. వసంతమ్మ బియ్యం కోసం కోటా అంగడికి పోయింది. తిరిగొచ్చిన పార్సెలని చెప్పి, వెంకటముని దాన్ని చెంగయ్య చేతికే ఇచ్చి పోయాడు.

పొద్దుగూకేటప్పటికి జాహ్నవి ఇంటికొచ్చింది. బల్ల మీద వాచీ విప్పి ఉంది. వసంతమ్మ గోడకానుకుని కూర్చుని కూతురు వైపు చూడలేదు. చెంగయ్య చూపుడువేలితో ఆ చిన్న చక్రాలను ఒక్కొక్కటే తడుముతున్నాడు.

"బ్యాలెన్సు చక్రం కింద ఇరుసు తిరిగే కెంపురాయి పెట్టలే," అన్నాడు. "నేర్చుకునే నాటి తప్పు ఇది. ఇది యాడికి పోయొచ్చింది?"

"హంగేరికి నాయనా, దసరాకు ముందు."

"ఇట్లా ఎన్ని?"

   జాహ్నవి బల్ల ముందు కూర్చుని చెప్పింది. ఎండాకాలం నుంచి పదిహేడు తిరిగొచ్చాయని, ఖాతా మూసేశారని, దసరా నుంచీ ఒక్కటి కూడా అమ్మలేదని, అన్నీ ఉబేద్ బీరువాలో ఉన్నాయని.

"వాళ్ళేమని రాసినారో సదువు."

"వొద్దు నాయనా."

"సదువు పాపా."

కాగితం అక్కర్లేదు, ఆమెకు అన్నీ నోటికి వచ్చు. ఒక్కొక్కటే చెప్పింది. రెండు గంటలకే ఆగిపోయింది. అద్దం లోపల వేలిముద్ర ఉంది. దీన్ని బాగుచేసినవాడు సిగ్గుపడాలి. ఆ మాటకు చెంగయ్య అవునన్నట్టు తల ఊపాడు. అన్నీ అయ్యాక వంటింట్లో కుళాయి కారడం వినపడింది.

"సరే, ఇవి నిజం," అన్నాడు. "అవి?"

"ఏవి?"

"ముందర సదివినవి. దండం పెడతా ఉండానని రాసినాడే, బల్గేరియా ఆయన. అది గూడా నువ్వు కల్పించిందేనా?"

 ఈ ప్రశ్న వస్తుందని జాహ్నవి ఏ రోజూ అనుకోలేదు. "కాదు నాయనా! నీ మీదొట్టు. అది నిజం. ఎండాకాలం దాకా సదివినవన్నీ నిజం."

"నాకెట్లా తెలుస్తాది?"

మరుసటి రోజు ఆమె పాత పేజీల ప్రింట్ల కోసం సెంటరంతా గాలించింది. తొలి రోజుల్లో సరదాకు తీసిన, బల్గేరియా ఆయన మాటలున్న ఒక కాగితం దొరికింది. పరుగున తెచ్చి ఇంగ్లీషు అక్షరాలున్న ఆ కాగితాన్ని తండ్రి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చి, దూరం పెట్టి, మడిచి ఇచ్చేశాడు. తర్వాతి రోజు ఉబేద్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఉబేద్ చదివి, తెలుగులో చెప్పి, ఇది దేవుడి సాక్షిగా నిజమన్నాడు.

"నువ్వు మంచోడివి ఉబేదూ," అన్నాడు చెంగయ్య. "ఈ పాప ఏం సెప్పమంటే అదే సెప్తావు గదప్పా."

కోపంగా కాదు, జాలిగా అన్నాడు. 

సంక్రాంతి దాటాక రామచంద్ర వచ్చి పనిముట్లు కొనుక్కుపోయాడు. తగిన దానికంటే ఎక్కువే ఇచ్చాడు. అది చెంగయ్యకు తెలిసినట్టే ఉంది, కానీ లెక్క అడగలేదు. బల్ల తీసేశాక కిటికీ దగ్గర నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. జాహ్నవి తిరుపతిలో ఒక ఆసుపత్రి కౌంటర్లో పనికి చేరి, తెల్లవారి బస్సుకు పోయి చీకటి పడే వేళకు వచ్చేది. శనివారాలు మిగతా రోజుల్లాగే గడిచిపోయేవి. ఆయన ఆమెతో మాట్లాడడం మానలేదు. అన్నం తిన్నావా అని అడిగేవాడు, బస్సులో సీటు దొరికిందా అని అడిగేవాడు. ఆమె చెప్పిన ప్రతిదానికీ "అట్లనా" అనేవాడు. నమ్మాడో లేదో ఆ మాటలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం పక్కవీధి మునికృష్ణ తన తండ్రి నాటి గోడగడియారం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మామా, దీన్ని కాస్త సూడు. నీకు తప్ప ఎవురికీ రాదంట ఈ పని."

జాహ్నవి లోపల బట్టలు మడతపెడుతూ ఆగింది.

"నీకెవురు సెప్పినారప్పా?" అన్నాడు చెంగయ్య.

"ఊరంతా సెప్తారు."

 చెంగయ్య గొంతు మామూలుగానే వినిపించింది.

"అట్లనా. నాకు రాదప్పా ఆ పని. ఇంకెవరినైనా అడుగు."

గడియారం ఎత్తుకున్నప్పుడు దాని లోపలి గంట ఒకసారి మోగింది. మునికృష్ణ చెప్పుల చప్పుడు వీధిలోకి పోయింది. జాహ్నవి చేతిలో తండ్రి చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.