అత్తమ్మ చేతికి గోరువెచ్చన

"డాక్టరమ్మ ఏమన్నది? నీళ్లు గోరువెచ్చగ ఉండాలె, ముందుగాల చెయ్యి పెట్టి చూడాలె అన్నది. ఇగో, చూస్తున్న," అంటూ సత్తవ్వ కాగులోకి అరచెయ్యి దించింది.

కాగు అంచుల మీంచి ఆవిరి లేచి ఆమె ముఖాన్ని కమ్మేసింది. ఆమె మాత్రం చల్లటి బావినీళ్లలో చెయ్యి పెట్టినట్టు తాపీగా అటూ ఇటూ కలిపి, "గోరువెచ్చగనే ఉన్నయి. ఇంకో కట్టె పెట్టు," అంది.

రజిత కట్టె పెట్టలేదు. పెట్టనని అనలేదు కూడా. పొయ్యి ముందు కూర్చుని కట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. చివరికి సత్తవ్వే వంగి, ఆ కట్టెను లాక్కుని పొయ్యిలోకి తోసింది.

సత్తవ్వ రజిత అక్క నవనీతకు అత్త. అశోక్‌నగర్‌లో ఆ ఇంటి కింది వాటాలో ఒక గదీ ఒక వంటిల్లూ వాళ్లది. పక్క గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లుంటారు. పై అంతస్తులో ఇంటి యజమానురాలు విద్యావతి. కిందివాళ్లందరికీ వాకిట్లోని స్నానాల గది ఒక్కటే దిక్కు. నవనీతకు ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో పుట్టింటికి ప్రయాణం పనికిరాదని, తొమ్మిది పడగానే తీసుకెళ్తామని పెద్దవాళ్లు అనుకున్నారు. తల్లి పత్తి ఏరే పనికి పోతోంది. ఉద్యమం బంద్‌ల వల్ల కాలేజీలు మూతపడి ఇంటర్ చదివే రజిత ఖాళీగా ఉంది. అక్కకు తోడుగా ఆమెనే పంపారు.

సత్తవ్వ చేతుల సంగతి ఆ ఇంట్లో రజితకొక్కదానికే తెలుసు. రజిత ఆరు నుంచి పది దాకా చదివింది సత్తవ్వ వాళ్ల ఊరి బడిలో. అక్కడ మధ్యాహ్నం అన్నం వండేది సత్తవ్వే. ఉడుకుతున్న గుండిగను పొయ్యి మీంచి గుడ్డ లేకుండా రెండు చేతులతో దించేది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గరిటె వెతికేది కాదు. పిల్లలు కళ్లప్పగించి చూస్తుంటే నవ్వేది. అది ఆమె గొప్పతనమే అనుకునేది రజిత. ఇక్కడికొచ్చిన మొదటి రోజు, అక్క స్నానానికి తోడిన నీళ్లలో వేలు పెట్టి చప్పున తీసేశాక గాని ఆమెకు సంగతి అర్థం కాలేదు. ఆ చేతులు వేడిని ఓర్చుకోవడం లేదు. వాటికి వేడి తెలియడమే లేదు.

"అత్తమ్మా, జర వేడిగున్నట్టున్నయి," అంది ఆ రోజే, తనకే సరిగా వినపడనంత మెల్లగా.

సత్తవ్వ పకపకా నవ్వింది. "నీవి పెన్ను పట్టిన చేతులు బిడ్డా. నీకు పాలు గూడ కాలుతయి."

చిన్న పిల్లలా ఆ మాటకు రజిత తలొంచుకుంది. ఈ మనిషి తనకు ఐదేళ్లు అన్నం పెట్టింది. సన్నగా ఉందని అందరికంటే ఒక గరిటె పప్పు ఎక్కువ పోసేది. అలాంటి మనిషితో నీ చేతులు పాడైపోయాయని ఎలా అంటారు?

మరుసటి రోజు ఎవరూ చూడకుండా బకెట్లో ఒక చెంబు చన్నీళ్లు కలిపింది. సత్తవ్వ చూడనే చూసింది.

"ఓసి దొంగదానా! మీ అక్కకు సర్ది చెయ్యాల్నని చూస్తున్నవా? కడుపులున్న పోరనికి గూడ సర్ది పడ్తది." కోపంగా ఏమీ అనలేదు. రజిత చెవి మెలిపెట్టి, బకెట్లో మళ్లీ రెండు చెంబుల కాగునీళ్లు పోసింది.

ఇక నీళ్లు మరీ వేడిగా ఉంటున్నాయని అక్కకే చెప్పింది. మంచం మీద పడుకున్న నవనీత పక్కకు ఒత్తిగిలింది.

"నాకు తెల్వదా? నా వీపు నాకు మండుతలేదా?" అంది. "కాలుతున్నయంటే, చెయ్యి పెట్టి చూసిన గదా బిడ్డా అంటది. ఇంకేమనాలె? రోజూ చలిల లేచి, నా కోసం పొయ్యి ఊదుకుంట కూసుంటది. నడుము మీద ఉడుకు నీళ్లు పడితే కాన్పు సులువైతదని ఆమె నమ్మకం. కొన్ని రోజులైతే అమ్మ దగ్గరికే పోతం గదా. ఓర్చుకుంట."

"డాక్టరమ్మ వద్దన్నది గదక్కా. స్నానం చేసేటప్పుడు తలుపుకు గడె గూడ పెట్టుకోవద్దన్నది."

"గడె పెట్టకుంటే ఎట్లనే? బయట పోరగాండ్లుంటరు."

అది కూడా నిజమే. పొద్దున్నే ఆ తలుపు ముందు చెంబులు, బకెట్లు, భుజాల మీద తువ్వాళ్లతో కుర్రాళ్లు వరుసలో నిలబడతారు. వాళ్లు మంచివాళ్లే, నవనీత వస్తే పక్కకు జరుగుతారు. అయినా సరే, వాళ్లు వాకిట్లో ఉండగా నవనీత గడియ లేకుండా స్నానం చెయ్యలేదు. కోడలు ఒక్కతే ఉంటే భయమని సత్తవ్వ కూడా లోపలికి వెళ్లి, పైనున్న ఇనుప గడియను తనే బిగించేది. డాక్టర్ చెప్పినవాటిలో కుదిరినవన్నీ శ్రద్ధగా చేస్తున్నానని ఆమె అనుకునేది. జారకుండా పీట వేసింది. కింద గోనెసంచి పరిచింది. చెయ్యి పెట్టి చూసింది.

ఆ శుక్రవారం కూడా బందే. బియ్యం తేవడానికి ఊరికి పోయిన వెంకటేశ్, అంటే నవనీత భర్త, బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయాడు. శుక్రవారం కాబట్టి తలస్నానం. అంటే మామూలుకంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ సేపు.

రజిత తలుపు బయట పొడి చీర, తువ్వాలు పట్టుకుని నిలబడింది. కొళాయి దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పళ్లు తోముకుంటున్నారు. సృజన్ అనే అబ్బాయి గోడకానుకుని ఏదో బట్టీ పడుతున్నాడు. తలుపు సందుల్లోంచి పొగలా ఆవిరి వస్తోంది.

"చాలు అత్తమ్మా," అని వినిపించింది లోపలినుంచి.

"కుంకుడు పులుసు పోవాలె గదా. ఒక్క రెండు చెంబులు."

"అత్తమ్మా, కండ్లు తిరుగుతున్నయి."

"తిరుగుతయి, తిరుగుతయి. పొద్దటిసంది ఏం తినలే..."

తర్వాత చెంబు బండ మీద పడిన చప్పుడు. ఆ వెంటనే సత్తవ్వ గొంతు, ఇంతకు ముందెన్నడూ రజిత వినని గొంతు. "నవనీతా! ఓ బిడ్డా! కండ్లు తెరువు!"

రజిత తలుపు తోసింది. కదల్లేదు.

"అత్తమ్మా, గడె తియ్యి!"

"ఎట్ల తియ్యాలె! తల నా ఒళ్లె ఉన్నది, ఇడిస్తే బండకు తాకుతది. గడె అందుతలేదు. ఎవరినన్న పిలువు!"

రజిత వెనక్కి తిరిగింది. ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. నోట్లో బ్రష్షులతో ఇద్దరు, చేతిలో పుస్తకంతో ఒకడు. ఎవరు తన్నినా తలుపు ఊడిపోయేలా ఉంది. సృజన్ ఒక అడుగు ముందుకు వేసి, "ఏమైంది చెల్లె?" అన్నాడు.

లోపల అక్క ఒంటి మీద బట్టలు లేవు. రజితకు ఆ ఒక్క సంగతే తోచింది. జవాబు చెప్పకుండా వాళ్ల పక్కనుంచి పరుగెత్తి మెట్లెక్కింది. ఆడమనిషి కావాలి. ఎవరైనా ఒక ఆడమనిషి.

పైన విద్యావతి పూజలో ఉంది. రజిత గుమ్మంలో నిలబడి ఆయాసంతో ఏదో అంది. గంట చప్పుడులో ఆమెకు వినిపించలేదు. మళ్లీ అంది. విద్యావతి హారతి పళ్లెం కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగసాగింది. వెనక రజిత. ముందుకు దాటిపోవడానికి మెట్ల మీద చోటు లేదు. కిందినుంచి సత్తవ్వ పిలుస్తూనే ఉంది.

సగం మెట్ల మీదే విద్యావతి ఆగి అరిచింది. "సృజన్! బొమ్మలెక్క నిలబడ్డవేంది? తలుపు తన్ను!"

"లోపల ఆడోళ్లున్నరు ఆంటీ."

"ఉన్నరనే తన్నమంటున్న! కండ్లు మూసుకొని తన్ను!"

అతను నిజంగానే కళ్లు మూసుకుని తన్నాడు. రెండోసారికి గడియ ఊడింది. ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఒకడు పరుగున పోయి తన మంచం మీది దుప్పటి తెచ్చి, ముఖం తిప్పుకునే రజితకు అందించాడు.

నవనీత వీపు, భుజాలు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం తెల్లగా పాలిపోయింది. చన్నీళ్లు చిలకరిస్తే కళ్లు తెరిచింది. తెరవగానే మొదట చూసుకుంది దుప్పటినే.

ఆటోలు లేవు. విద్యావతి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. నవనీతను అందులో కూర్చోబెట్టి, కుర్రాళ్లు చెరో పక్కా పట్టి చిక్కడపల్లి వైపు మోసుకుపోయారు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రోడ్డు మధ్యలో కాలిన టైరు ఇంకా పొగలు కక్కుతోంది. నవనీత దుప్పటి కొంగును ముఖం మీదికి లాక్కుంది. దాని కిందినుంచి రజిత చెయ్యి వెతికి పట్టుకుంది.

"కడుపుల బిడ్డ కదుల్తలేదే," అంది మెల్లగా. "పోసేటప్పుడు ఒక్కసారి గట్టిగ తన్నింది. గంతే. ఇగ కదుల్తలేదు."

రజిత నడుస్తూనే అక్క కడుపు మీద చెయ్యి ఆనించింది. కుర్చీ ఊగుడే తెలుస్తోంది. వెనక తడిచీరతో సత్తవ్వ చెప్పుల్లేకుండా వస్తోంది.

నర్సింగ్‌హోమ్‌లో డాక్టర్ నళిని కడుపు మీద పరికరం పెట్టి జరుపుతూ వింది. కాసేపు గరగర తప్ప ఏమీ లేదు. పరికరాన్ని ఇంకో పక్కకు జరిపింది. అప్పుడు వినిపించింది, దూరంగా ఎక్కడో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు.

"గుండె కొట్టుకుంటోంది. కానీ వేగం ఎక్కువగా ఉంది," అంది డాక్టర్. "తల్లి ఒళ్లు వేడెక్కితే లోపల బిడ్డకూ వేడే. బీపీ పడిపోయింది. సెలైన్ పెడతాను. కదలిక తెలిసేదాకా ఇక్కడే ఉండాలి." తర్వాత సత్తవ్వ వైపు తిరిగింది. "గోరువెచ్చని నీళ్లు అని చెప్పాను కదమ్మా? చెయ్యి పెట్టి చూడమన్నాను."

"పెట్టే చూసినమ్మా."

"ఆ వీపు చూడండి. చెయ్యి పెట్టి చూస్తే అలా పోస్తారా? తప్పు జరిగితే జరిగిందని చెప్పండి. అబద్ధం ఎందుకు?"

"నా కొడుకు మీద ఒట్టు డాక్టరమ్మా, చెయ్యి పెట్టి చూసిన." సత్తవ్వ తడికొంగుతో ముఖం తుడుచుకుంది. "గోరువెచ్చగనే ఉండె."

నర్సు పెదవి విరిచింది. మంచం మీద నవనీత కళ్లు మూసుకుని, "నేనే వేడిగ పొయ్యమన్న మేడం," అంది.

రజిత సత్తవ్వ చేతుల వైపు చూసింది. చెబితే అత్తమ్మ చేతుల గుట్టు పదిమందిలో బయటపడుతుంది. చెప్పకపోతే అత్తమ్మ అబద్ధాలకోరు అవుతుంది, రేపు మళ్లీ ఆ చేతే కాగులో మునుగుతుంది.

"అత్తమ్మ అబద్ధం చెప్తలేదు మేడం," అంది. గదిలో అందరూ తన వైపు తిరిగారు. "చెయ్యి పెట్టింది. ఆమె చేతులకు వేడి తెల్వది."

డాక్టర్ సత్తవ్వ చేతులు రెండూ పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. అరచేతుల్లో గీతలు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. పెన్ను మొనతో వేళ్ల చివర్లు ఒక్కొక్కటీ గుచ్చింది. "తెలుస్తోందా?"

సత్తవ్వ గోడవైపు చూపు తిప్పింది. పెన్ను ఇంకా అక్కడే ఉందని ఆమెకు తెలిసినట్టు లేదు.

"షుగర్ ఉన్నా ఇలా స్పర్శ పోతుంది, ఆ పరీక్ష కూడా చేయించాలి," అంది డాక్టర్, ఈసారి మెత్తగా. "స్నానం నీళ్లు ఇకనుంచి ఈ అమ్మాయి చూస్తుంది. మీరు ముట్టుకోవద్దు. పుట్టిన తర్వాత బిడ్డ నీళ్లు కూడా."

అందరూ వెళ్లాక సత్తవ్వ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"వచ్చిన మొదటి రోజు సంది," అంది రజిత.

"మరి గట్టిగ చెప్పద్దా బిడ్డా?"

రజిత దుప్పటి అంచు సర్దింది. సత్తవ్వ తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. తనలో తానే అన్నట్టు అంది. "పోరడు పుట్టినంక కాళ్ల మీద పండవెట్టుకొని నేనే నీళ్లు పొయ్యాలె అనుకున్న. మా వెంకటేశ్‌కు గూడ నేనే పోసిన. ఊర్లె అందరి పిల్లలకు నేనే పోసిన."

సెలైన్ బొట్టుబొట్టుగా దిగుతోంది. నవనీత నిద్రలోకి జారుకుంది. రజిత అక్క కడుపు మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. బయట ఎక్కడో నినాదాలు వినిపించి దూరమయ్యాయి. మధ్యాహ్నం దాటింది. నర్సు వచ్చి మళ్లీ పరికరంతో విని, ఏమీ చెప్పకుండా వెళ్లింది.

ఉన్నట్టుండి అరచేతి కింద ఏదో చిన్నగా పొడుచుకొచ్చింది. తర్వాత ఇంకోసారి, గట్టిగా.

"అత్తమ్మా! కదిలింది! చూడు, ఇక్కడ చెయ్యి పెట్టు, జల్ది!"

సత్తవ్వ ముందుకు వంగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం కొంగులో చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే ఉన్నాయి.

"నువ్వు పెట్టు బిడ్డా," అంది. "నువ్వు పెట్టి, ఎట్లున్నదో నాకు చెప్పు."