వేలు యాడుండాదో చెప్పే పలక

సెలెక్ట్ అయిందంట, అంటే నిజంగానే అయిందా, ఈ మెయిలు నమ్మదగిందేనా, బెంగళూరు కంపెనీ వాళ్లు బళ్ళారి గాంధీనగర్‌లో మేడమీద గదిలో కూర్చున్న మా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి అభినందనలు చెప్పడమేమిటి, కింద లింకు నొక్కితే ఖాతా ఊడ్చుకుపోయే రకమేమో, అని నేను పంపినవాళ్ల అడ్రసు అక్షరమక్షరం కూడబలుక్కుంటుంటే, సుదర్శన్ నా భుజం మీంచి వంగి చూసి, అయిందిమే హారతీ, నిజందే, అయింది, అని ఎడమ చేత్తో నా చెంప పట్టుకుని ఊపేసి, ఉండు, ఉగ్గాని, మిర్చిబజ్జీ పట్టుకొస్తా, బేగ వస్తా, అంటూ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వాళ్లమ్మ చెప్పు వేసుకుని నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కివచ్చి మార్చుకుని వెళ్లాడు, ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను, పదేళ్ల తరువాత ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఎలా ఉండాలో మీ ఊహ రాసి పంపండి అని ఆ కంపెనీ అడిగింది, జీన్స్ వాషింగ్ యూనిట్‌లో బిల్లుల కంప్యూటర్లు చూసుకునే మా ఆయన రాసి పంపాడు, వాళ్లకు నచ్చింది, ఇప్పుడు అట్టతో చేసిన నమూనా మీద చెయ్యి ఆడిస్తూ రేపటికల్లా ఒక వీడియో పంపాలట, నమూనా ఎప్పుడో తయారు, మిగిలిపోయిన మా పెళ్లిపత్రికలు అతికించి చేశాడు, తిరగేసి చూస్తే చి.ల.సౌ. అని, పక్కన నా పేరు సగం కనిపిస్తుంది, ఆ సగం పేరు చూసినా నాకు సంతోషమే, వీడియోలో నీ చెయ్యే పెడదాంమే, గోరింట పండి బాగుండాది, అని మెట్ల మీంచి అరిచాడు, నేను నా చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోతుండగానే వంటింట్లో రొట్టె తడుతున్న మా అత్త నాగలక్ష్మమ్మ, ఊఁ, హారతి పాప చెయ్యే పెట్టప్పా, నీది యాల, అనేసింది, ఎవరూ అడక్కుండానే, చాలా తొందరగా, తట్టే చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగింది.

నీది యాల, నీదెందుకు, అంటే ఏమిటి, ఊహ అతనిది, మెయిలు అతనికి వచ్చింది, మరి చెయ్యి నాదెందుకు, తల్లీకొడుకుల మధ్య ఏదో ఉంది, నాకు తెలియకూడనిది, నాకు ఇలాంటివి పట్టేస్తాయి, హాస్టల్లో నా కొబ్బరినూనె ఎవరు వాడుతున్నారో తలలు వాసన చూసి పట్టుకున్నదాన్ని, చెంప పట్టుకున్నది ఎడమ చేత్తో కదా, ఇప్పుడనే కాదు, ఎప్పుడూ అంతే, నా జుట్టు సర్దేది ఎడమ చేత్తో, సినిమా హాల్లో చెయ్యి పట్టుకునేది ఎడమ చేత్తో, నేను అటువైపు కూర్చుంటే లేపి ఇటువైపు కూర్చోబెట్టి మరీ పట్టుకుంటాడు, కుడి చెయ్యి ఎవరికోసం దాచినట్టు, ఎవరి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడో, పెళ్లిలో ఎవరో, ఆ సౌందర్య పోతే పోయిందిలేప్పా, మంచిదే దొరికింది, అంటుంటే ఈయన నీళ్లు నమలడం నేను విన్నాను, చూశాను, విననట్టు కూర్చున్నాను, కొత్త పెళ్లికూతురు తల దించుకుని ఉంటుంది కానీ చెవులు దించుకోదు, ఇంక ఆ గడియారమొకటి, లోకమంతా ఎడమ చేతికి పెట్టుకుంటే ఈయన కుడి చేతికి, పడుకునేటప్పుడూ తీయడు, అది ఆమె ఇచ్చిందేమో, ఒకసారి స్నానం చేసి వస్తుంటే చూశాను, గడియారం ఉండే చోట మణికట్టుకి అడ్డంగా తెల్లటి గీత, ఇదేంది అంటే, చిన్నప్పుడు సోడాబుడ్డి పగిలి గీరిందిలే, అని తువ్వాలు కప్పేశాడు, కాఫీ పోసిన స్టీలు గ్లాసు నేను కొంగుతో పట్టుకొస్తే ఉత్త చేత్తో అందుకుంటాడు, ఇంట్లో ఈ టచ్‌ప్యాడ్ మీద ఏం జరపాలన్నా, నువ్వు జరుపుమే, అని నన్నే అంటాడు, నేను దాన్ని గారాబం అనుకున్నాను, ఏది గారాబమో ఏది కాదో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

కానీ డాబా మీద సాయంత్రాలు అబద్ధం కావు కదా, ఎండకి కాగిన డాబా మీద నీళ్లు చల్లి, చాప వేసుకుని, రాబోయే కాలంలో టచ్‌ప్యాడ్ ఎలా ఉండాలని ఇద్దరం పోటీలు పడేవాళ్లం, నావన్నీ చిలిపివి, రొట్టెపిండి అంటిన వేలు పెట్టినా కసురుకోకూడదు, నా బంగారు గాజు ఆనితే అదీ వేలే అనుకుని గెంతకూడదు, కోపంతో పొడిచినట్టు నొక్కితే మెయిలు పంపకుండా కాసేపు ఆపి, ఇది ఇప్పుడే పోవాల్నా తల్లీ అని అడగాలి, చలికాలం వెచ్చగా ఉండాలి, బళ్ళారిలో చలేందిమే, అని అతను నవ్వేవాడు, అతనివి వేరు, అవి నవ్వకుండా చెప్పేవాడు, నున్నగా ఉంటే సాలదు, మడికి గట్టున్నట్ల అంచులు పైకి లేయాల, పేజీ అయిపోతే ఠప్పుమని కొట్టాల, ఆ దెబ్బ మోచేతి దాకా తెలియాల, పెద్ద ఫైలు లాగితే బస్తా లాగినట్ల భుజానికి బరువు తగలాల, రెండు వేళ్లతో చేసే పని ఉండనే కూడదు, ఏ చెయ్యి పెట్టినా, పిడికిలితో తోసినా, సరే అనాల, ఇంగ అన్నిటికన్నా ముందు, వేలు యాడుండాదో అదే చెప్పాల, వేలి కింద దీపం మాదిరి వెలగాల, అన్నాడు, నేను చాప మీద పడి దొర్లి నవ్వాను, ఏమప్పా, ఎవరి వేలు యాడుండాదో వాళ్లకి తెలీదా, దానికి దీపం పెట్టాల్నా, అతను కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా, అవును, ఆలస్యంగానే, ఆ ఆలస్యం నాకిప్పుడు వినిపిస్తోంది.

వేలికి తెలియడం, తెలియకపోవడం, పెళ్లినాటి బిందె ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, ఇరుకు మూతి బిందె, పాలూ పసుపూ కలిపిన నీళ్లు, అడుగున ఉంగరం, ఇద్దరం చేతులు పెట్టి వెతకాలి, మూడుసార్లూ నేనే తీశాను, మా పుట్టింటి ఊరు హగరి నుంచి వచ్చినవాళ్లు ఈలలు వేశారు, ఆయ్తు, అయిపాయ సుదర్శనప్పా, ఇంగ పెండ్లాం గీసిందే గీత, అని సుదర్శన్ వాళ్ల పెద్దమ్మ నాగక్క ఎగతాళి చేసింది, మూడోసారి అతను కుడి చెయ్యి తీసి ఎడమ చెయ్యి పెట్టబోతే కూడా ఆమే, ఏయ్, శుభమా అని ఆ చెయ్యేందప్పా, తియ్, అని చేతి మీద ఒక్కటిచ్చింది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, తరువాత మేమిద్దరమే ఉన్నప్పుడు అతను నా చెవిలో, నాకే దొరికిందిమే, మూడుసార్లూ, నీ చేతిలోకి జరిపినా, అన్నాడు, అంత మంచి మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, దాన్ని రోజూ పట్టుచీరలా తీసి చూసుకుని మళ్లీ మడత పెట్టుకుంటున్నాను, నీళ్లలో అతని వేళ్లు నా వేళ్లకు తగిలాయి, ఉంగరం అక్కడే ఉంది, అవును, అతని వేళ్ల కిందే ఉంది, దాని మీద వేళ్లు ఆనించి కూడా అతను నా ముఖం చూస్తూ ఇంకా వెతుకుతున్నాడు, నేను అతని వేళ్ల కింది నుంచే లాక్కున్నాను, అది ప్రేమ అనుకున్నాను.

మెట్ల మీద చప్పుడు, మిర్చి వాసన ముందొచ్చింది, తరువాత అతను, పొట్లంలోంచి కాగిన నూనె కారి కుడిచేతి వేళ్ల కొసలు ఎర్రగా కందాయి, అతను ఇంకా పట్టుకునే ఉన్నాడు, తినుమే, సల్లారితే రబ్బరే, అంటున్నాడు, ఆగు, కూర్చో, ఒక ఆట, కళ్లు మూసుకుని చెయ్యి చాపు, అది కాదు, కుడిది, అన్నాను, ఏందిప్పుడు, అని నవ్వుతూనే చాపాడు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు, బిందెలో గెలిచిన ఉంగరాన్ని నా వేలి నుంచి తీసి, అతని చూపుడువేలు, నడిమివేలు కొసల మీద పెట్టి, నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను, అతను ఎదురుచూస్తున్నాడు, ఇంకా ఎదురుచూస్తున్నాడు, పెట్టు మల్ల, అన్నాడు, ఉంగరం అతని వేళ్ల మీద మెరుస్తోంది, ఏమిమే, పెడతానని పెట్టవేంది, వంటింటి గడపలో అత్త పిండిచేతులతో నిలబడి ఉంది, చెప్తామని నేనన్యా పాపా, వాడే వొద్దన్యాడు, అంది, అతను కళ్లు తెరిచాడు.

అయితే నా పట్టుచీర అబద్ధం, అతనికి ఒక్కసారీ దొరకలేదు, నాకోసం వదల్లేదు, తెలియక వదిలాడు, తల్లీకొడుకులు దాచిపెట్టి నన్ను తెచ్చుకున్నారు, నరం తెగిందిమే, అన్నాడు అతను, సోడాబుడ్డి పగిలినప్పుడే, ఈ రెండు వేళ్లకీ ఏమీ తెలీదు, సౌందర్యా వాళ్లకి చెప్పినాము, తాంబూలాలు అయినాక వెనక్కి పోయినారు, నువ్వూ పోతావేమోనని చెప్పలే, అన్నాడు, చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు, నిజంగా తెలియదు, తిడదామంటే సౌందర్య అయినా లేకుండా పోయింది, సోడాబుడ్డిని ఏమని తిట్టను, అతను ఉంగరాన్ని చూస్తున్నాడు, ఎవరో తల మీంచి మూట దించినట్టు ఉంది ముఖం, కానీ చెప్పలేదా అతను, దెబ్బ మోచేతి దాకా తెలియాలన్నాడు, రెండు వేళ్ల పని వద్దన్నాడు, వేలు యాడుండాదో అదే చెప్పాలన్నాడు, డాబా మీద ప్రతి సాయంత్రం అతను చెబుతూ వచ్చింది తన చేతి సంగతే, కంపెనీకంటే ముందు నాకే చెప్పాడు, దొర్లి దొర్లి నవ్వింది నేను, మిర్చి ఒకటి విరిచి, ఊది, అతని నోట్లో పెట్టాను, వినప్పా, కోపం పోలేదు, అది వేరే, దానికింకా చానా దినాలుండాయి, రేపు పొద్దున్నే అత్తని అడిగి ఆ బిందె కిందికి దించుతా, పాలూ పసుపూ నేనే కలుపుతా, నువ్వు ఎడమ చెయ్యి పెట్టు, ఎవరు కొడతారో నేనూ చూస్తా, దొరికితే నువ్వే తియ్, నాకియ్యొద్దు, ఆమేల, అదంతా అయినాక, వీడియో తీద్దాం, నా గోరింట చెయ్యి కాదు, నీదే, కుడిదే, గడియారం తీసేసి.